ఉప్పు సముద్రంలో మంచినీళ్ళ కోట: సింధుదుర్గం



మన ట్రస్టువారు విద్యార్థివేతనాల దరఖాస్తులు పరిశీలించే రోజున, వరుసలో కూర్చున్న ఒక పి.యు.సి. అమ్మాయి చేతిలో జనరల్ నాలెడ్జ్ పుస్తకం చూశాను. 2025 జూలై 11న యునెస్కో సంస్థ మరాఠాల కోటలు పన్నెండింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన విషయం దగ్గర ఆమె పెన్సిలుతో గీత గీసుకొంది. అడిగితే పన్నెండు పేర్లూ తడుముకోకుండా అప్పజెప్పింది. పదకొండు మహారాష్ట్రలో, ఒకటి తమిళనాడులోని సెంజి అని కూడా చెప్పింది. చివర తనే ఒక ప్రశ్న వేసింది.

"సార్, సింధుదుర్గం సముద్రం మధ్యలో ఉందంట గదా. చుట్టూ ఉప్పునీళ్ళే. తాగేదానికి నీళ్ళు యాడనించి వస్తాయి సార్?"

"లోపల బావులున్నాయమ్మా" అని ఆ రోజు చెప్పాను. అది సగం జవాబే. సముద్రం మధ్య బావిలో మంచినీళ్ళు ఎలా ఊరతాయో నాకు అప్పటికి సరిగా తెలియదు. ఉద్యోగం వదిలిన తరువాత నేను, మా ఇంటావిడ మాల్వణ్ వెళ్ళి, పడవ ఎక్కి ఆ కోట చూసి వచ్చినవాళ్ళమే. బావులూ చూశాం, ఫోటోలూ తీసుకొన్నాం. ఈ ప్రశ్న మాత్రం మాకు తోచలేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేసి, కాగితం మీద లెక్కలు వేసుకొని చూశాను. ఆ మిగతా సగం జవాబే ఈ పాఠం.

మనకూ ఆ కోటకూ సంబంధం

సింధుదుర్గం మహారాష్ట్ర దక్షిణపు కొసన, మాల్వణ్ పట్టణానికి ఎదురుగా, కుర్టే అనే చిన్న దీవి మీద ఉంది. మన చింతామణికి చాలా దూరం. అయినా చరిత్రలో రెండు ఊళ్ళకూ ఒక చుట్టరికం ఉంది.

శివాజీ తండ్రి శహాజీ భోంస్లే బిజాపూరు సుల్తానుల కింద బెంగళూరు జాగీరుదారుగా ఉండేవాడు. బెంగళూరుతో పాటు కోలారు, హొసకోటె, దొడ్డబళ్ళాపుర, శిరా సీమలు ఆ జాగీరులోనివే. మన చింతామణి 2007లో చిక్కబళ్ళాపుర జిల్లా ఏర్పడేదాకా కోలారు జిల్లాలో ఉండేదని మీ పెద్దలకు తెలుసు. ఈ సీమలో చాలాకాలం మరాఠాల పెత్తనం సాగింది. మన ఊరికి పేరు వచ్చింది కూడా చింతామణి రావు అనే మరాఠా నాయకుడి వల్లనే అని చెబుతారు. శివాజీ తన బాల్యంలో కొంతకాలం బెంగళూరులో తండ్రి దగ్గర గడిపాడు. శహాజీ 1664 జనవరిలో నేటి దావణగెరె జిల్లాలోని హొదిగెరె దగ్గర మరణించాడు. అదే సంవత్సరం నవంబరులో కొడుకు సింధుదుర్గానికి పునాది వేయించాడు.

ఇంకొక చిన్న సంగతి. శివాజీ రాజ్యంలో బంగారు నాణేన్ని 'హోన్' అనేవారు. అది మన కన్నడ సోదరులు బంగారానికి వాడే 'హొన్ను' అనే మాటే.

సముద్రంలో కోట ఎందుకు?

కొండల మీద కోట కట్టడం మనకు తెలిసిన పద్ధతి. గుడిబండ, నంది, సెంజి అన్నీ అటువంటివే. సముద్రంలో కట్టవలసిన అవసరం ఏమిటి?

ఆ కాలంలో పడమటి తీరంలో వ్యాపారం అంతా ఓడల మీద నడిచేది. గోవాలో పోర్చుగీసువారు, వెంగుర్లలో డచ్చివారు, సూరత్‌లో ఇంగ్లీషువారు పాతుకుపోయి ఉన్నారు. ఉత్తరాన మురుడ్ దగ్గర జంజీరా అనే దీవి కోటలో సిద్దీలు ఉండేవారు. వీరు ఆఫ్రికా నుంచి వచ్చిన వీరుల వంశంవారు. జంజీరా అన్న పేరు అరబ్బీలో దీవి అనే అర్థం ఇచ్చే 'జజీరా' అనే మాట నుంచి వచ్చింది. వారి ఓడలు తీరంలోని ఊళ్ళ మీద పడి దోచుకొని తిరిగి దీవిలోకి వెళ్ళిపోయేవి. గుర్రపు దండు గట్టు మీద నిలబడి చూడవలసిందే. శివాజీ, తరువాత ఆయన కొడుకు శంభాజీ ఎన్నిసార్లు ప్రయత్నించినా జంజీరా లొంగలేదు.

తీరం మనదైనా నీళ్ళు మనవి కాకపోతే లాభం లేదని శివాజీ గ్రహించాడు. ఓడలు కట్టించాడు. ఓడలకు తలదాచుకొనే చోటు, మరమ్మతుల చోటు, తిండిగింజల గిడ్డంగి కావాలి. అదే సముద్రపు కోట. సువర్ణదుర్గం, విజయదుర్గం వంటి పాత కోటలను బాగుచేయించి, కొత్తగా సింధుదుర్గాన్ని కట్టించాడు. మన కర్ణాటకలో కూడా హొన్నావర దగ్గర బసవరాజదుర్గ అనే దీవి కోట ఉంది.

తేదీల లెక్క

నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. చరిత్ర పుస్తకంలో తేదీ కనిపిస్తే వడ్డీ లెక్కకు రోజులు లెక్కపెట్టినట్లు లెక్కపెట్టడం అలవాటు. సింధుదుర్గం పని 1664 నవంబరు 25న మొదలై 1667 మార్చి 29న ముగిసిందని అంటారు. చాలా పుస్తకాల్లో 'మూడేళ్ళు పట్టింది' అని ఉంటుంది. లెక్కవేయండి. రెండేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులే.

మరి మూడేళ్ళు ఎలా అయింది? ఇక్కడ కొంకణపు వానాకాలం గుర్తుకు తెచ్చుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడి సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. నేటికీ ఆ నెలల్లో మాల్వణ్ నుంచి కోటకు వెళ్ళే పడవలు ఆపేస్తారు. రాళ్ళ పడవలు నడపడం అప్పుడు కుదిరే పని కాదు. అందువల్ల పనికి దొరికినవి మూడు ఎండాకాలాలు. 1664-65లో ఆరు నెలలు, 1665-66లో ఎనిమిది నెలలు, 1666-67లో ఆరు నెలలు. మొత్తం ఇరవై నెలలు, అంటే సుమారు 600 రోజులు. ఆ మూడు పని కాలాలనే జనం మూడేళ్ళుగా చెప్పుకొని ఉంటారని నా ఊహ.

పునాది పని అయితే ఇంకా కష్టం. సముద్రానికి రోజూ రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. పాటు సమయంలో నీళ్ళు వెనక్కు తగ్గి బండ బయటపడుతుంది. ఆ కొద్ది గంటల్లోనే బండను చదును చేసి, రాయి కూర్చి, అతుకు వేయాలి. మళ్ళీ పోటు వచ్చేలోగా పైకి వచ్చేయాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్ళు మామూలు కంటే ఎక్కువ వెనక్కు పోతాయి కనుక, అందరికంటే కింది వరుస రాళ్ళకు ఆ రోజులే అనువు. పంచాంగం తెలిసిన మేస్త్రీకి ఇక్కడ విలువ ఎక్కువ.

రాయి లెక్క

కోట 48 ఎకరాల్లో ఉంది. గోడ పొడవు సుమారు 3 కిలోమీటర్లు, ఎత్తు 30 అడుగులు, మందం 12 అడుగులు. మీటర్లలో చెబితే 9 మీటర్ల ఎత్తు, 3.6 మీటర్ల మందం. గుణించండి.

3000 × 9 × 3.6 = 97,200 ఘనపు మీటర్లు.

దీన్ని 600 రోజులతో భాగిస్తే రోజుకు 162 ఘనపు మీటర్లు. మన ఊళ్ళో ట్రాక్టరు ట్రాలీకి సుమారు 3 ఘనపు మీటర్ల రాయి పడుతుంది. అంటే రోజుకు 54 ట్రాలీల రాయి, సున్నం కలిసి గోడలోకి పోవాలి. ఇది అందాజు లెక్క మాత్రమే. గోడ ఎత్తు అన్నిచోట్లా ఒకటి కాదు. కానీ పని ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఈ అందాజు చాలు. దీవిలో దొరికిన రాయి పోగా సున్నం, దూలాలు, ఇనుము, పనివాళ్ళ తిండిగింజలు అన్నీ గట్టు మీది నుంచి పడవల్లోనే రావాలి. ఒక్కరోజు పడవ రాకపోతే అందరి పనీ ఆగుతుంది.

ఈ పనికి పెద్ద హిరోజీ ఇందుల్కర్. తరువాత రాయగఢ్ కోట పని చూసినదీ ఆయనే. మేస్త్రీల పేర్లు, రాయి మోసినవారి పేర్లు మనం చదివే పుస్తకాల్లో ఉండవు.

కోట ఖర్చు ఒక కోటి హొన్నులు అని చెబుతారు. 1664 జనవరిలో సూరత్ నగరంలో కొల్లగొట్టిన సొమ్ము దీనికి ఉపయోగపడిందని చరిత్రకారులు రాశారు. అది జరిగి ఉండవచ్చు. కానీ కోటి హొన్నుల మాట నేను నమ్మలేను. హొన్ను ఒకటి 2.8 గ్రాముల బంగారం అనుకొన్నా, కోటి హొన్నులకు 28,000 కిలోల బంగారం అవుతుంది. 'కోటి' అన్న మాటను 'లెక్కలేనంత' అనే అర్థంలో వాడి ఉంటారు. పుస్తకంలో పెద్ద సంఖ్య కనిపించినప్పుడు కలం తీసి ఒకసారి గుణించి చూడడం మంచి అలవాటు.

సీసం, సున్నం

పునాదిలో 4,000 పౌనులకు పైగా సీసం కరిగించి పోశారని చెబుతారు. వినగానే కోట అంతా సీసం మీద నిలబడి ఉందని అనిపిస్తుంది. ఇదీ లెక్కవేద్దాం. 4,000 పౌనులు అంటే సుమారు 1,800 కిలోలు. సీసం నీటికంటే 11 రెట్లకు పైగా బరువు. కనుక 1,800 కిలోల సీసం 0.16 ఘనపు మీటరు చోటులోనే ఇమిడిపోతుంది. ఒక ట్రంకు పెట్టెలో పడుతుంది, ఎత్తడం మాత్రం ఎవరి తరమూ కాదు. కాబట్టి గోడ కింద సీసం పరవలేదు. అలల దెబ్బ నేరుగా తగిలే ముఖ్యమైన పునాది రాళ్ళను పట్టి ఉంచడానికి, రాయికీ రాయికీ నడుమ అతుకులలో మాత్రం పోసి ఉండాలి.

సీసమే ఎందుకు? ఒకటి, అది 327 డిగ్రీల వేడికే కరుగుతుంది. కట్టెల పొయ్యి చాలు. రెండు, మెత్తని లోహం కనుక రాళ్ళు కొద్దిగా కదిలినా పగలకుండా సర్దుకొంటుంది. మూడు, ఇనుములాగా తుప్పు పట్టదు. ఉప్పునీటిలో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, తనను పట్టుకొన్న రాయినే చీలుస్తుంది.

దీనికి దగ్గరలోనే ఒక ఉదాహరణ కనిపించింది. 2023 డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవం నాడు, మాల్వణ్ గట్టు మీద రాజకోట దగ్గర శివాజీ విగ్రహాన్ని ఆవిష్కరించారు. 2024 ఆగస్టు 26న అది కూలిపోయింది. తొమ్మిది నెలలు కూడా నిలవలేదు. సముద్రపు గాలికి దాని నట్లు, బోల్టులు తుప్పు పట్టాయని పత్రికల్లో వచ్చింది. 2025లో అక్కడ కొత్త విగ్రహం పెట్టారు. ఎదురుగా నీళ్ళలో 350 ఏళ్ళ నాటి గోడ నిలబడే ఉంది. కాబోయే సివిల్ ఇంజనీర్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

సీసం కొంచెమే. గోడను నిజంగా పట్టి ఉంచేది సున్నం. సున్నపురాయిని గాని, తీరంలో దొరికే గుల్లలను గాని బట్టీలో కాల్చితే బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్ళు చల్లితే బుసబుసమని పొంగి తడి సున్నం అవుతుంది. ఇసుక కలిపి గానుగలో నూరి రాళ్ళ మధ్య పెడితే, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా తిరిగి తీసుకొని మళ్ళీ రాయిగా మారుతుంది. బట్టీలో పోగొట్టుకొన్నదాన్ని ఏళ్ళ తరబడి గాలి నుంచి వసూలు చేసుకొంటుందన్నమాట. జంజీరాకు ఎదురుగా శివాజీ కట్టించిన పద్మదుర్గంలో ఒక వింత ఉంది. అలల తాకిడికి రాళ్ళు అరిగి లోపలికి గుంటలు పడ్డాయి, వాటి మధ్యనున్న సున్నం మాత్రం తేనెపట్టు గదుల గోడల్లాగా బయటికి పొడుచుకొని నిలబడి ఉంది.

కనపడని ద్వారం

మేము పడవలో వెళ్ళేటప్పుడు కోట దగ్గరపడుతున్నా వాకిలి కనిపించలేదు. గోడ తిన్నగా ఉండదు. పాములాగా మెలికలు తిరుగుతూ, మధ్యమధ్య బురుజులతో ముందుకు వెనక్కు నడుస్తుంది. బురుజులు నలభైకి పైనే ఉన్నాయి. రెండు బురుజుల మధ్య సందులోకి తిరిగితేనే వాకిలి ఎదురవుతుంది. బయటి ఓడ మీది ఫిరంగికి తలుపు గురి దొరకదు. గోడ దగ్గరకు వచ్చిన శత్రువు మీద మాత్రం రెండు పక్కల బురుజుల నుంచీ దెబ్బ పడుతుంది. దీవి చుట్టూ నీళ్ళలో దాగిన బండలు మరొక కావలి. దారి తెలిసిన పడవవాడు లేకుండా పెద్ద ఓడ దగ్గరకు రాలేదు.

లోపల శివాజీ కొడుకు రాజారాం కట్టించిన శివరాజేశ్వర ఆలయం ఉంది. శివాజీనే దైవంగా నిలిపిన గుడి అది.

నీళ్ళ లెక్క

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. కోటలో మూడు బావులున్నాయి. దూధ్ బావి, దహీ బావి, సాఖర్ బావి. అంటే పాల బావి, పెరుగు బావి, చక్కెర బావి. పేర్లలోనే నీటి రుచి ఉంది. చుట్టూ ఉప్పు, లోపల తీపి. దీన్ని మహిమ అనేవారున్నారు. కారణం తెలిసినా ఆశ్చర్యం తగ్గదు.

ఆ నీళ్ళు సముద్రం నుంచి రావు. పై నుంచి పడిన వానే అవి. దీవి మీద కురిసిన వానలో కొంత మట్టిలోకి, రాతి పగుళ్ళలోకి దిగుతుంది. మంచినీళ్ళు ఉప్పునీళ్ళ కంటే కొంచెం తేలిక. నీటి మీద నూనె తేలినట్లు, దీవి అడుగున ఉప్పునీటి మీద మంచినీరు ఒక పొరగా తేలి నిలుస్తుంది. ఒక డచ్చి ఇంజనీరు, ఒక జర్మన్ ఇంజనీరు సుమారు 120, 130 ఏళ్ళ కిందట దీనికి లెక్క కట్టారు. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల మంచినీరు ఉంటుంది. ఇది దీవులన్నిటికీ వర్తించే సూత్రం. అక్కడి రాతిని బట్టి కొంత మారుతుంది.

బ్యాంకు భాషలో చెబుతాను. కళ్ళకు కనిపించేది ఒక రూపాయి, లోపల ఉన్నది నలభై రూపాయలు. ఎంత మంచి ఖాతా! కానీ ఇదే లెక్క తిరగేసి చూడండి. ఆశపడి ఎక్కువ తోడి, పైన ఒక్క అడుగు తగ్గిస్తే, కింద నలభై అడుగుల మేర ఉప్పునీరు పైకి వస్తుంది. ఉప్పు ఎక్కిన బావి తిరిగి తీపి కావడానికి ఎన్ని వానాకాలాలు పడుతుందో చెప్పలేము. అందుకే దీవిలో లోతైన బావి తవ్వడం తెలివితక్కువ పని. లోతు తక్కువగా, నిదానంగా తోడుకోవాలి.

జమ ఎంతో చూద్దాం. 48 ఎకరాలు అంటే సుమారు 1,94,000 చదరపు మీటర్లు. కొంకణంలో ఏటా 2,000 మిల్లీమీటర్లకు పైనే వాన. అంటే దీవి మీద పడే నీరు సుమారు 38 కోట్ల 80 లక్షల లీటర్లు. అందులో తొమ్మిది వంతులు సముద్రంలోకి పోయి, ఒక్క వంతే భూమిలో దిగిందనుకొందాం. 3 కోట్ల 88 లక్షల లీటర్లు. మనిషికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు చొప్పున ఏడాదికి 7,300 లీటర్లు. భాగిస్తే సుమారు 5,300 మందికి సరిపోతుంది. మూడు బావులు ఒక కోటను ఎలా పోషించాయో ఇప్పుడు అర్థమైంది కదా.

ఆ కాలపు వారికి ఈ సూత్రం తెలియకపోయినా జాగ్రత్త తెలుసు. 18వ శతాబ్ది మొదట్లో రామచంద్ర పంత్ అమాత్యుడు రాసిన 'ఆజ్ఞాపత్రం' అనే రాజనీతి గ్రంథంలో కోటల గురించి ఒక భాగం ఉంది. కోట కట్టే ముందు నీళ్ళు చూడమనీ, నీళ్ళు లేకపోతే రాయి పగలగొట్టి తొట్లు కట్టమనీ, ఊట ఒకటి ఉంది కదా అని దాని మీదే ఆధారపడవద్దనీ, ఫిరంగుల అదురుకు ఊట ఎండిపోవచ్చు కనుక నిలవ నీరు వేరే ఉంచమనీ అందులో ఉంది.

సరుకు అందని కోట

నీళ్ళున్నా గింజలు లేకపోతే కోట నిలవదు. 1675 జనవరిలో శివాజీ రాసిన ఒక ఉత్తరం దొరికింది. పద్మదుర్గం పని జరుగుతున్న రోజులవి. అక్కడి నౌకాదళానికి డబ్బు, ధాన్యం సమయానికి పంపవలసిన ఒక సుబేదారు ఆలస్యం చేశాడు. ఓడలు కదలలేదు. పని వెనకబడింది. శివాజీ ఆ సుబేదారును చాలా కఠినంగా మందలించాడు. నీ ఆలస్యం శత్రువుకు చేసిన కొలువుతో సమానమనే భావం ఆ ఉత్తరంలో ఉంది. కత్తి పట్టని ఉద్యోగి ఒకడు తన కాగితం పని వాయిదా వేస్తే సముద్రంలో కోట ప్రమాదంలో పడుతుందని రాజుకు తెలుసు. ముప్పై ఏళ్ళకు పైగా కాగితం పని చేసినవాణ్ణి కనుక ఈ ఉత్తరం సంగతి చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

సింధుదుర్గం 1765లో ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. వారు దానికి ఫోర్ట్ అగస్టస్ అని పేరు పెట్టారు. తరువాత కొల్హాపూరు రాజ్యానికి తిరిగి ఇచ్చి, 1812 ఒప్పందంతో మళ్ళీ తీసుకొన్నారు. కోట చేతులు మారింది గానీ బావులు ఎండిపోలేదు.

మన తాలూకా కూడా ఒక దీవే

మన చింతామణి, బాగేపల్లి, గుడిబండ సీమలో ఏడాది పొడుగునా పారే నది లేదు. ఏటా సుమారు 700 మిల్లీమీటర్ల వానే మనకు వచ్చే జమ. ఆ విధంగా మనమూ చుట్టూ సముద్రం లేని ఒక దీవిలో ఉన్నాం. పెద్దలకు ఇది తెలుసు. గుడిబండ కోటలో 17వ శతాబ్దిలో పాలెగాడు బైరేగౌడ వాన నీటికోసం ఉంచిన రాతి దొనలు పందొమ్మిది అని చెబుతారు. కొండ కింద బైరసాగరం చెరువు ఉంది. కొండ మీద దొన, కొండ కింద చెరువు. సింధుదుర్గం బావుల వెనక ఉన్న ఆలోచనే ఇదీ.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980లలో, రైతులకు బోరు అప్పులు విరివిగా ఇచ్చేవాళ్ళం. లెడ్జరులో ఆ పద్దులు రాసింది నేనే. మొదట్లో రెండు మూడు వందల అడుగులకు నీళ్ళు పడేవి. తరువాత ఆరు వందలు, ఎనిమిది వందలు, వెయ్యి దాటాయి. లోతుకు పోయేకొద్దీ కొన్నిచోట్ల ఫ్లోరైడు నీళ్ళు వచ్చాయి. మూడో బోరు కూడా వట్టిపోయిన ఒక పెద్దాయన ఒకరోజు కౌంటరు దగ్గర నిలబడి నెమ్మదిగా అన్నాడు, "నీళ్ళు పడలేదు గానీ వడ్డీ మాత్రం పడతానే ఉంది గదా సామీ."

నేను తల ఎత్తలేదు. అప్పు ఇచ్చేముందు పహణీ చూశాం, జామీను చూశాం, సంతకాలు సరిపోల్చాం. ఆ భూమి లోపలి ఖాతాలో జమ ఎంత, తోడేది ఎంత అని ఒక్కరమూ అడగలేదు. అడగడం నా ఉద్యోగం కాదు అనుకొన్నాను. అడిగి ఉంటే ఆయన మూడో బోరు వేసేవాడు కాడేమో. అది నేటికీ నన్ను విడవని పద్దు.

2018 నుంచి బెంగళూరులో వాడిన నీటిని శుద్ధి చేసి కోలారు, ఆ తరువాత మన జిల్లా చెరువులకు కూడా పంపుతున్నారు. దాని మంచిచెడ్డల మీద చర్చ ఉంది. ఏ నీరు వచ్చినా చెరువు కట్ట, తూము, కాలువ బాగుంటేనే నిలుస్తుంది. వాన మాత్రం ఎవరూ పంపనక్కరలేదు. ఒక ఎకరం మీద 700 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 28 లక్షల లీటర్లు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద సుమారు 65,000 లీటర్లు. ఇందులో మనం జమ కట్టుకొంటున్నది ఎంత?

తల్లిదండ్రులకు ఒక మనవి. పన్నెండు కోటల పేర్లు వస్తే పరీక్షలో మార్కు వస్తుంది, అది కావలసిందే. దానితో పాటు "నీళ్ళు యాడనించి వస్తాయి" అని పిల్లలు అడిగితే కసరకండి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, వాళ్ళతో కూర్చొని వెతకండి. ఈ అమ్మాయి అడిగిన ప్రశ్న నేను నలభై ఏళ్ళ కిందట నా కౌంటరులో అడగవలసినది.

విద్యార్థులకు ఇంటి పని

1. మీ ఇంటి మిద్దె పొడవు, వెడల్పు కొలిచి, ఏడాదికి దాని మీద పడే వాన నీరు ఎన్ని లీటర్లో కట్టండి. (చదరపు మీటర్లు × 700 = లీటర్లు.)

2. మీ ఊరి చెరువు లేదా కుంటకు నీళ్ళు వచ్చే కాలువ ఇప్పుడు ఎలా ఉందో నడిచి చూసి, ఒక పటం గీయండి. ఎక్కడ పూడింది, ఎక్కడ మూసుకుపోయింది గుర్తించండి.

3. మీ తాతనో అవ్వనో అడిగి, ఊళ్ళో మొదటి బోరు ఏ సంవత్సరంలో, ఎన్ని అడుగులకు వేశారో రాసుకోండి. ఈమధ్య వేసిన బోరు లోతును పక్కన రాయండి.

4. ఒక గాజు గ్లాసులో ఉప్పు బాగా కలిపి రంగు వేసిన నీళ్ళు సగం పోయండి. చెంచా వెనక మీదుగా మంచినీళ్ళు మెల్లగా పోసి, రెండు పొరలు నిలుస్తాయో లేదో చూడండి.

జవాబులు ఒక కాగితం మీద రాసి, వచ్చేసారి ట్రస్టు సమావేశానికి తీసుకురండి. నేను కూడా మా ఇంటి మిద్దె కొలత తీసుకొని వస్తాను.